రెండో బ్రేకు మాస్టారి బండి

ముప్పై ఆరేళ్ళలో మూడువేల నూట నలభై అయిదుమందికి కారు నడపడం నేర్పిన మనిషికి సొంత కారు లేదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వినవాళ్ళకు మాస్టారి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: "ఈత నేర్పేవాడికి సొంత నది ఉంటుందా?" జవాబు బాగానే ఉండేది. కానీ ఆ జవాబు చెప్పాల్సి వచ్చిన రోజున ఆయన ఇంటికి వెళ్ళి అన్నం సరిగ్గా తినేవారు కాదని ఆయన భార్యకు తెలుసు.

ఊళ్ళో ఆయన్ని రెండో బ్రేకు మాస్టారు అంటారు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాడి కాళ్ళ దగ్గర బ్రేకు, క్లచ్ ఉన్నట్టే, పక్క సీట్లో కూర్చునే మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్ ఉంటాయి. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉన్నా ప్రాణాలు మాత్రం ఆ రెండో బ్రేకు మీద ఉంటాయి. ముప్పై ఆరేళ్ళుగా ఆ బ్రేకు మీద ఉన్న కాలు మాస్టారిదే.

ఆయన చదివింది పల్లెటూరి బడిలో ఏడో తరగతి. రెండు గదుల బడి, ఒకే పంతులు. అయితేనేం, ఆయన ముందు చేతులు వణికించినవాళ్ళలో ఇద్దరు డాక్టర్లున్నారు, ఒక జడ్జి ఉన్నారు, ఫైరింజను నడిపేవాళ్ళు నలుగురున్నారు, డెబ్బై ఒకటో ఏట నేర్చుకుని మనవడిని బడిలో దింపివచ్చిన ముసలావిడ ఉన్నారు. ఎత్తు మీద బండి ఆపి, వెనక చక్రానికి ఆనించి అగ్గిపెట్టె పెట్టి, అది నలగకుండా బండిని ముందుకు తీసుకుపోయే పరీక్ష ఈ ఊళ్ళో ఆయనే పెట్టారు. ముప్పై ఆరేళ్ళలో స్కూలు కారు ఒక్క మనిషినీ తాకలేదు. రోడ్డెక్కాక గుద్దింది ఒక్క పాలక్యానునే, అదీ దారి మధ్యలో పెట్టినవాడిదే తప్పు. ఈ లెక్కలన్నీ ఆయన అడిగినవాళ్ళకు చెప్పేవారు. అడగనివాళ్ళకు ఇంకా వివరంగా చెప్పేవారు.

ఇవన్నీ నోటి మాటలు కావు, రాతపూర్వకంగా ఉన్నాయి. ఆయన దగ్గర గట్టి అట్టల పుస్తకం ఒకటుంది. అందులో వరస సంఖ్య, పేరు, నేర్చుకున్న రోజులు, చివర "లోపం" అని ఒక గడి. ఎంత నేర్పినా పోనిది ప్రతి మనిషిలోనూ ఒకటి ఉంటుందని ఆయన నమ్మకం. పెద్ద డాక్టరుగారికి ఎదురుగా "బ్రేకు వేస్తూ కళ్ళు మూసుకుంటారు" అని ఉంటుంది. జడ్జిగారికి ఎదురుగా "ఎటు తిప్పాలో తేల్చుకోలేరు" అని ఉంటుంది. స్కూలు యజమానురాలికి ఎదురుగా, అప్పుడావిడ పద్దెనిమిదేళ్ళ పిల్ల, "మలుపులో మాట్లాడుతుంది" అని ఉంటుంది.

ఇక ఆ కారు. గుండ్రటి దీపాలతో, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టుండే మొహం. వెన్నరంగు. తలుపు వేస్తే 'టప్' మని ఒకే ఒక్క చప్పుడు. బడిపంతుళ్ళు, దర్జీలు, గుమాస్తాలు కొనుక్కోగలిగేలా చేసిన బండి అది. ఒకప్పుడు వీధికి నాలుగు ఉండేవి. చెడిపోతే వీధి చివర మెకానిక్కు స్పానరూ సుత్తీ పట్టుకొచ్చి బాగుచేసేవాడు. డబ్బున్నవాళ్ళు దాన్ని చూసి "సబ్బుపెట్టె" అని ఎగతాళి చేసేవారు. మాస్టారికి పెళ్ళయిన కొత్తలో షోరూం అద్దం మీద దాని ధర పెద్ద అంకెలతో రాసి ఉండేది. సొంత పుట్టినరోజు గుర్తులేని మనిషికి ఆ అంకె మాత్రం ఇప్పటికీ కంఠతా వచ్చు. సగం కూడబెట్టేసరికి ఇంటి పైకప్పు కూలింది. మళ్ళీ కూడబెట్టేసరికి కంపెనీవాడు ఆ బండి చెయ్యడమే మానేశాడు.

అప్పుడు స్కూలు పెట్టిన పెద్దాయన, షెడ్డులో టీ తాగుతూ, బానెట్టు మీద చెయ్యి వేసి అన్నాడు: "వేరే పాతబండి వెతకడం ఎందుకయ్యా? దీని ఉద్యోగం అయిపోయిన రోజున ఇది నీదే." సాక్షి లేదు, కాగితం లేదు. మాస్టారు ఆ మాట పట్టుకుని ఇరవై రెండేళ్ళు కూర్చున్నారు. పెద్దాయన పోయాడు. స్కూలు కూతురి చేతికి వచ్చింది. మాట మాత్రం మాస్టారి దగ్గరే ఉండిపోయింది.

ఒక సోమవారం పొద్దున యజమానురాలు షెడ్డులోకి వచ్చి, తాళంచెవులు వేలికి తిప్పుతూ అంది.

"మాస్టారూ, కొత్త ఆటోమేటిక్ బండి వచ్చేవారం వస్తోంది. ఇప్పుడెవరూ గేర్లు నేర్చుకోవడం లేదు కదా. ఈ ముసలిదాన్ని అమ్మేస్తున్నా. రేపు పదింటికి పాతకార్లు సేకరించే ఒకాయన చూడ్డానికి వస్తాడు. మీరు దగ్గరుంటే బావుంటుంది, దీని సంగతి మీకు తెలిసినట్టు నాకు తెలీదు."

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. అంత మంటలోనూ ఆయన నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట: "అలాగేనమ్మా."

ఇంటికి వెళ్ళాక మాత్రం ఊరుకోలేదు. భార్య వరండాలో మిషను మీద ఎవరివో స్కూలు యూనిఫాంలు కుడుతోంది. ఆయన గుమ్మానికీ మిషనుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగారు.

"అమ్ముతుందట! ఎవడో కొంటాడట! కొత్త కార్లు మూడు వస్తాయి ఆ డబ్బుకి! సబ్బుపెట్టె అన్న నోళ్ళే ఇప్పుడు 'ఆహా, పాతకాలం అందం' అంటున్నాయి. రోడ్డు మీద ఉన్నన్నాళ్ళూ హారన్ కొట్టి పక్కకి తోసినవాళ్ళు, ఇప్పుడు తుడిచి అద్దాల గదిలో పెట్టి ఫోటోలు తీసుకుంటారట. పేదవాడి కోసం చేసిన బండి ఇది! దాన్ని పేదవాడు కళ్ళతో చూడాలన్నా టికెట్ కొనాల్సిన రోజు తెచ్చారు!"

ఆవిడ దారం కొరికి, "పెద్దాయన మాట ఇచ్చాడని ఆ అమ్మాయికి చెప్పారా?" అంది.

"నేనెందుకు చెప్పాలి?"

"మరి ఆవిడకెలా తెలుస్తుందండీ, కలలో వస్తాడా ఆయన?"

"అడిగి తీసుకుంటే అది ముష్టి అవుతుంది గానీ మాట అవుతుందా?"

"బానే ఉంది. ఊళ్ళో ప్రతివాడికీ నోరు తెరిచి 'బ్రేకెయ్, బ్రేకెయ్' అని అరుస్తారు. కావాల్సిన చోట నోటికే బ్రేకు." ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. "ముప్పై ఆరేళ్ళ నుంచి నేనూ అడుగుతున్నా, నాకు నేర్పమని. నన్నెప్పుడైనా కూర్చోబెట్టారా ఆ బండిలో?"

"అది స్కూలు బండి. సొంత మనుషులకి వాడకూడదు. అది నా నియమం."

"మీ నియమాలు మీరే తినండి, కూర మిగుల్తుంది."

మర్నాడు పదింటికి కొనేవాడు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. తల మీద టోపీ, టోపీ మీద కారు బొమ్మ, చేతిలో చిన్న అయస్కాంతం. బండి చుట్టూ గుడ్లప్పగించి మూడుసార్లు తిరిగాడు. ఫోనుతో దీపాలను, డిక్కీని, అరిగిన గేరు గుండును ఫోటో తీశాడు. గేరు గుండు మీద మూడువేల అరచేతులు నున్న చేసిన మెరుపు ఉంది. దాన్ని వేలితో తుడుస్తూ, "ఎంత అందంగా పాతబడింది!" అన్నాడు. మాస్టారికి ఒళ్ళు మండింది. పాతబడిందట! చింతపండుకు చెప్పినట్టు చెబుతున్నాడు.

"మేడమ్, నాకు నచ్చింది," అన్నాడు టోపీ ఆయన యజమానురాలితో. "ఇవ్వాళే మాట్లాడేసుకుందాం. ఒకటే సంగతి. పైన ఆ బోర్డు, లోపల ఆ రెండో పెడళ్ళు పీకించేస్తాను. ఛండాలంగా ఉన్నాయి. కంపెనీ నుంచి బయటికొచ్చిన రోజున ఎలా ఉందో అలా ఉండాలి. ప్రదర్శనకి పెట్టాలి కదా."

అంతే. మాస్టారు ముందుకు వచ్చారు.

"ఏమన్నారు? ఛండాలమా?"

"అబ్బే, మిమ్మల్ని కాదు సార్..."

"నన్నంటే ఊరుకుందును. ఆ పెడళ్ళేమిటో తెలుసా మీకు? ఆ రోజుల్లో ఇలాంటి సామాను కొనడానికి దొరికేది కాదు. నేనూ పెద్దాయనా కలిసి, వెల్డింగు మేస్త్రీని కూర్చోబెట్టి, ముందు నేలరేకు ఇంత వెడల్పున కోయించాం." ఆయన రెండు చేతులూ చాచి చూపించారు. "ఇటునుంచి అటు ఇనప కడ్డీ వేయించి, ఫ్రేముకే వెల్డింగు పెట్టించాం. మూడు రోజుల పని! ఇప్పటికి కదిలితే ఒట్టు. పీకిస్తారట! కారు విరగాలి గానీ అది ఊడదు."

టోపీ ఆయన మొహం కొంచెం వాడింది. "నేల కోశారా? ఫ్రేముకి వెల్డింగు పెట్టారా?"

"పెట్టకపోతే ఎలా ఆగుతుంది మరి? నా కాలు బరువు తెలుసా మీకు?" మాస్టారికి ఊపు వచ్చింది. ఈ బండిని ఎలా కాపాడుకొచ్చారో మెచ్చుకునేవాడు ఇన్నాళ్ళూ ఎవరూ దొరకలేదు. ఈయన బండ్ల పిచ్చివాడు కదా, ఈయనకు అర్థమవుతుందని ఆయన నిజంగానే అనుకున్నారు. "ఇటు రండి. ఈ తలుపు చూడండి. ఎక్కడైనా తేడా ఉందా? లేదు కదా! ఇది రెండోసారి మార్చింది. మూడువందల పదో నంబరు విద్యార్థి గేటు స్తంభానికి రాశాడు. ముక్కకి ముక్క అతికి రంగు కలిపించాను."

టోపీ ఆయన అయస్కాంతం తలుపుకు పెట్టాడు. అది అంటుకోకుండా జారి కింద పడింది.

"పడుతుంది," అన్నారు మాస్టారు గర్వంగా. "అక్కడంతా రేకు కాదు, పుట్టీ. వేలెడు మందం. నున్నగా లేదూ?"

"మాస్టారూ," అంది యజమానురాలు మెల్లగా.

"ఉండమ్మా, ఈయన తెలుసుకోవాలి. బానెట్టు వేరే బండిది. వెనక మడ్‌గార్డు పాలక్యాను నాడు సొట్టపడింది, దాన్ని నేనే సుత్తితో సరిచేశాను. ఇంజను నాలుగుసార్లు విప్పాం. మూడోసారి లోపల సగం సామాను దొరక్క వ్యాను సామాను వేశాం, అప్పటినుంచే ఎత్తు ఎక్కడంలో పులి అయింది. సీట్లు నా భార్య కుట్టింది. మా ఆవిడ కుట్టు చూడండి, ఒక్క పోగు ఊడిందా?"

"అంటే," అన్నాడు టోపీ ఆయన అయస్కాంతం ఏరుకుంటూ, "ఈ బండిలో ఒరిజినల్‌గా ఉన్నదేమిటి?"

మాస్టారు ఆ మాటకు నిజంగానే ఆశ్చర్యపోయారు.

"ఉన్నదేమిటేమిటండీ? నేనున్నాను!"

టోపీ ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. యజమానురాలికి ఏదో సర్దిచెప్పి, ఫోను చేస్తానని చెప్పి, చెయ్యనని మొహంలో చెప్పి, వెళ్ళిపోయాడు.

ఆయన గేటు దాటగానే యజమానురాలు అందుకుంది.

"ఎంత పని చేశారు మాస్టారూ! కావాలనే చేశారు కదా? వచ్చిన బేరం వాకిట్లోంచి వెళ్ళిపోయింది. ఆయనొక్కడితో పోదు, ఆ పాతకార్ల గుంపు మొత్తానికి చెప్తాడు. ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోరు."

"కావాలనా?" అన్నారు మాస్టారు. "నేను దాన్ని పొగిడానమ్మా! అబద్ధమాడానా? ఒక్క ముక్క అబద్ధముందా? ముప్పై ఆరేళ్ళు రోడ్డు మీద తిరిగిన బండి, ఏ దెబ్బా తగలకుండా, ఏ ముక్కా మారకుండా ఎలా ఉంటుంది? అలా ఉండాలంటే అది పని చెయ్యకూడదు. పని చెయ్యని బండికేనా మర్యాద? వాడికి కావాల్సింది ఒక్కరోజు కూడా ఎవరికీ ఉపయోగపడని బండి. దానికేనా అంత ధర? మనిషైతే మాత్రం తేడానా? నా మోకాలు వాచింది, నా పళ్ళు రెండు పోయాయి, నేను ఒరిజినల్ కాదా?"

"నేనామాట అన్లేదు కదా..."

"అన్లేదు. అమ్ముతానన్నావు. మీ నాన్న ఇక్కడ, ఈ బానెట్టు మీద చెయ్యి పెట్టి, దీని ఉద్యోగం అయిపోయాక ఇది నీదేనయ్యా అన్నాడు. ఇరవై రెండేళ్ళు! పక్కవీధిలో ఇలాంటివే నీళ్ళ ధరకి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎందుకూ? మాట ఉంది కదా అని!"

అనేశాక ఆయనకు తెలిసింది, తను ఎప్పుడూ అడగకూడదనుకున్నది అడిగేశానని. పక్కకు తిరిగి గోడకు తగిలించిన ట్రాఫిక్ గుర్తుల పటం వైపు చూశారు. ఎర్ర వృత్తంలో అడ్డగీత. ప్రవేశం లేదు.

ఆవిడ చేతిలో తాళంచెవులు తిరగడం ఆగిపోయింది.

"నాన్న అన్నారా?"

"నమ్మకపోతే పోనీలే."

"నమ్మకపోవడమేంటి! మీరు అబద్ధమాడితే ఇందాక ఆయన ముందే ఆడేవాళ్ళు." ఆవిడకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నారు మాస్టారూ? నిన్న నేను చెప్పినప్పుడైనా అనొచ్చు కదా. 'అలాగేనమ్మా' అన్నారు! నాకేం తెలుస్తుంది? ఇదుగో, తీసుకోండి. ఎలాగూ ఇప్పుడు పాత ఇనుము ధర తప్ప రాదు. ఊరికే తీసుకెళ్ళండి."

ఆ మాటతో చల్లారాల్సిన మనిషి మళ్ళీ భగ్గుమన్నారు.

"పాత ఇనుమా? ఊరికేనా? నా బండిని పట్టుకుని ఎంత మాటన్నావు!"

"అయ్యో రామా! మరి ఎంతకిమ్మంటారు?"

మాస్టారు ఒక అంకె చెప్పారు. తడుముకోలేదు. షోరూం అద్దం మీద పెద్దగా రాసి ఉన్న అంకె అది, అప్పటి ధర, ఒక్క పైసా తేడా లేకుండా. ఆ అంకెకు ఇప్పుడు ఒక మంచి ఫోను వస్తుంది. ఆవిడ ముందు నవ్వబోయింది, తరువాత ఆయన మొహం చూసి మానేసింది.

"సరే మాస్టారూ. ఆ ధరకే."

గురువారం పొద్దున మాస్టారు భార్యను వెంటబెట్టుకుని స్కూలుకు వచ్చారు. బండిని తనే కడిగారు. పైన బోర్డు ఊడదీసి యజమానురాలికి అప్పగించారు. అది స్కూలుది. పెడళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆవిడ తాళంచెవులు ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా సవరించుకుని, తలుపు తీసి ఎక్కి కూర్చున్నారు. 'టప్' మంది. చిన్న అద్దం సరిచేసుకున్నారు. కాలు దాని చోటికి అది వెళ్ళింది. నిండుగా ఊపిరి పీల్చి, ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ అన్నారు:

"ఊఁ. క్లచ్ నొక్కు. మొదటి గేరు."

బండి కదల్లేదు.

"ఎవరికండీ చెబుతున్నారు?" అంది కిటికీ దగ్గర నిలబడ్డ భార్య.

మాస్టారు పక్కకు చూశారు. స్టీరింగు ముందు ఎవరూ లేరు. ముప్పై ఆరేళ్ళు ఎక్కిన తలుపులోంచే ఎక్కి, ముప్పై ఆరేళ్ళు కూర్చున్న సీట్లోనే కూర్చున్నారు. సొంత బండిలో, సొంతదారు కూర్చోవాల్సిన సీటు ఖాళీగా ఉంది. యజమానురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు బయటపడింది.

"నవ్వడానికేముంది ఇందులో?" అని గద్దించి, మాస్టారు దిగబోయారు. అప్పటికే భార్య అటు చుట్టూ తిరిగి వెళ్ళి, తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చుంది.

"దిగక్కర్లేదు. మీ సీట్లో మీరు కూర్చోండి."

"నువ్వెక్కావేమిటి?"

"మీ నియమం స్కూలు బండికి కదా? ఇది స్కూలు బండి కాదుగా."

మాస్టారు దిగబోతున్న కాలు లోపలికి తీసుకున్నారు. తరువాత ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నారు:

"ముందు సీటు జరుపుకో. అద్దం చూసుకో. నడుము నిటారుగా. స్టీరింగు అంత గట్టిగా పట్టుకోకు, అది ఎక్కడికీ పారిపోదు."

"తిట్టారంటే దిగిపోతా."

"తిట్టలేదు, చెబుతున్నాను."

"ఇదే తిట్టయితే తిట్టడం ఎలా ఉంటుందో!"

"క్లచ్ నొక్కు. మొత్తం. ఇదిగో తాళంచెవి, తిప్పు. మొదటి గేరు. ఇప్పుడు మెల్లగా వదులు. మెల్లగా అన్నాను. మెల్ల..."

బండి కప్పలా ఎగిరింది. గేటు స్తంభం ముందుకు దూసుకొచ్చింది. మాస్టారి కాలు ఆయన్ని అడక్కుండానే రెండో బ్రేకును నేలకు తొక్కింది. బండి స్తంభానికి జానెడు దూరంలో నిలబడిపోయింది. భార్య గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఆయన బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.

"చూశావా?" అన్నారు వెనక్కి తిరిగి, యజమానురాలికి వినపడేలా. "ఛండాలమట! పీకించేస్తాడట!"

పదిహేను రోజులకు ఆవిడ అగ్గిపెట్టె పరీక్ష దాకా వచ్చింది. మూడు అగ్గిపెట్టెలు నలిగాయి, నాలుగోది నలగలేదు. ఆ సాయంత్రం మాస్టారు గట్టి అట్టల పుస్తకం తెరిచి, మూడువేల నూట నలభై ఆరో వరసలో ఆవిడ పేరు రాశారు. లోపం గడి దగ్గర పెన్సిలు ఆపి ఆలోచిస్తున్నారు. "మాస్టారి మాట వినదు" అని రాద్దామా, "నేర్చుకుంటూ ఎదురు నేర్పుతుంది" అని రాద్దామా?

ఆయన తేల్చుకునేలోగా ఆవిడ పెన్సిలు లాక్కుని, కళ్ళజోడు పైకి తోసుకుని, తనే రాసేసింది:

"మాస్టారు ముప్పై ఆరేళ్ళు ఆలస్యం."

మాస్టారు పుస్తకం వెనక్కి లాక్కుని చదివి, కుర్చీలోంచి లేచినంత పని చేశారు.

"ఇదేమిటి! ఇది నేర్చుకున్నవాళ్ళ లోపం రాసే గడి! నేర్పినవాడిది కాదు!"

"నేర్పినవాడిది రాయడానికి ఇందులో గడి ఎక్కడుందండీ?" అంది ఆవిడ, బండి తాళంచెవులు వెతుక్కుంటూ.